జుట్టు రాలుతోంది, గోళ్లు మారుతున్నాయి: మందు కొనేముందు కారణం ఎలా తెలుసుకోవాలి?

నీలిమేఘం
అందరికీ నమస్కారం. ఆమధ్య నాకు తీవ్రమైన జ్వరం వచ్చి, చాలా రోజులు మంచం దిగలేదు. తగ్గాక రెండు నెలలు బాగానే ఉన్నాను. ఇప్పుడు మాత్రం దువ్వెన పెడితే చాలు, జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడి వస్తోంది. తలస్నానం చేసిన రోజు బాత్రూమ్ జాలీ మూసుకుపోతోంది. ఊడిన ప్రతి వెంట్రుక చివరా చిన్న తెల్ల బుడిపె ఉంది. కుదుళ్లతో సహా వచ్చేస్తోందేమోనని భయం. దానికి తోడు రెండు బొటనవేళ్ల గోళ్ల మీదా అడ్డంగా గాడి పడింది, తడిమితే వేలికి తెలుస్తోంది. తెలిసినవాళ్లు బయోటిన్ అనే విటమిన్ బిళ్లలు వాడమంటున్నారు. జ్వరం ఎప్పుడో తగ్గిపోయింది కదా, ఇప్పుడు రాలడానికి దానితో సంబంధం ఉంటుందా? టెన్షన్‌తో నిద్ర కూడా సరిగ్గా పట్టడం లేదు.

వాననీడ
జ్వరం అయి ఉంటే అప్పుడే రాలాలి కదండీ. ఈమధ్య షాంపూ మార్చారా? నీళ్లు మారాయా? నాకైతే అలాంటి కారణమే అనిపిస్తోంది.

తెలిమంచు
నీలిమేఘం గారూ, నేను చర్మవ్యాధుల విభాగంలో పనిచేస్తాను. తల చూడకుండా ఖాయంగా చెప్పడం కుదరదు గానీ, మీరు రాసిన మూడు విషయాలూ (రెండు నెలల ఎడం, తెల్ల బుడిపె, గోళ్ల మీద అడ్డగాడి) ఒకే కారణం వైపు చూపిస్తున్నాయి. ఆ కారణం మీ జ్వరమే అయ్యే అవకాశం ఎక్కువ.

మన తల మీద సుమారు లక్ష వెంట్రుకలు ఉంటాయి. అన్నీ ఒకే దశలో ఉండవు. ఎప్పుడు చూసినా 85 నుంచి 90 శాతం పెరుగుతూ ఉంటాయి, ఆ దశ రెండేళ్ల నుంచి ఆరేళ్ల దాకా సాగుతుంది. మిగతావి దాదాపు అన్నీ పెరగడం ఆపేసి విశ్రాంతిలో ఉంటాయి. విశ్రాంతి రెండు మూడు నెలలు. అది ముగిశాక పాతది రాలిపోతుంది, అదే చోట కొత్తది మొలుస్తుంది. రోజుకు 50 నుంచి 100 దాకా రాలడం అందరికీ ఉన్నదే. అయితే తీవ్ర జ్వరం, కాన్పు, పెద్ద ఆపరేషన్, తిండి మానేసి గబగబా బరువు తగ్గడం లాంటివి జరిగితే, ఇంకా పెరగాల్సిన వెంట్రుకల్లో చాలా భాగం ఒక్కసారిగా విశ్రాంతిలోకి వెళ్లిపోతాయి. వెళ్లిన వెంటనే రాలవు. వాననీడ గారి సందేహానికి జవాబు ఇక్కడే ఉంది. అవి రెండు మూడు నెలలు తల మీదే ఉండి, తర్వాత అన్నీ కలిసి రాలడం మొదలుపెడతాయి. దీన్ని టెలోజెన్ ఎఫ్లూవియం అంటారు. 1961లో ఆల్బర్ట్ క్లిగ్‌మన్ అనే చర్మవైద్యుడు దీన్ని వర్ణించి ఈ పేరు పెట్టారు.

తెల్ల బుడిపె చూసి భయపడకండి. అది కుదురు కాదు. విశ్రాంతి ముగించుకుని రాలిన వెంట్రుక అడుగు అలాగే ఉంటుంది. కుదురు చర్మం లోపల భద్రంగా ఉంది, అందుకే ఈ రకంలో జుట్టు తిరిగి వస్తుంది.

ఇక గోరు. గోరు పుట్టేది మనకు కనిపించే చోట కాదు, మొదట్లో ఉన్న చర్మపు మడత కింద. ఒంట్లో జ్వరం మండుతున్నప్పుడు అక్కడ గోరు తయారీ మందగిస్తుంది. ఆ మందగించిన కాలమే తర్వాత గాడిగా బయటికి వస్తుంది. 1846లో ఫ్రాన్స్‌కు చెందిన బో అనే వైద్యుడు వీటి గురించి రాశారు, అందుకే బో గీతలు అంటారు. చేతిగోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. మడత దగ్గరి నుంచి గాడి దాకా స్కేలు పెట్టి కొలిచి చెప్పండి.

నీలిమేఘం
కొలిచాను తెలిమంచు గారూ. రెండు చేతులకూ ఆరు, ఏడు మిల్లీమీటర్ల మధ్య ఉంది. జాగ్రత్తగా చూస్తే మిగతా వేళ్ల మీదా సన్నగా కనిపిస్తున్నాయి.

తెలిమంచు
అయితే లెక్క సరిపోతోంది. నెలకు మూడు చొప్పున రెండు నెలలు, మడత కింద నుంచి బయటపడడానికి పట్టిన కాలం దానిమీద అదనం. అన్ని వేళ్లకూ ఒకే వరసలో ఉంటే ఒళ్లంతటికీ ఏదో జరిగినట్టు. ఒక్క వేలికే ఉంటే ఆ వేలికే దెబ్బో వాపో తగిలి ఉంటుంది. గాడి ముందుకు జరుగుతూ కొసకు చేరుతుంది, కత్తిరించేస్తే పోతుంది. దానికి మందు అక్కర్లేదు.

జుట్టు రాలడం సాధారణంగా ఆరు నెలల లోపు నెమ్మదిస్తుంది. ఒత్తు మళ్లీ మునుపటిలా కనిపించడానికి అంతకన్నా ఎక్కువ టైం పడుతుంది, ఎందుకంటే జుట్టు నెలకు పెరిగేది ఒక సెంటీమీటరే. ఆరు నెలలు దాటినా తగ్గకపోతే, లేదా పాపిట రోజురోజుకూ వెడల్పవుతుంటే మళ్లీ ఆలోచించాలి. ఈలోగా రక్తపరీక్షలు చేయిస్తే మంచిదే: హిమోగ్లోబిన్, ఫెరిటిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష). హిమోగ్లోబిన్ మామూలుగా ఉండి కూడా ఒంట్లో ఇనుము నిల్వలు అడుగంటి ఉండొచ్చు, ఆ సంగతి ఫెరిటిన్ చెబుతుంది. జ్వరం, వాపు ఉన్నప్పుడు ఫెరిటిన్ పైకి ఎగబాకుతుంది కాబట్టి జ్వరంలో చేయించిన పాత రిపోర్టును నమ్ముకోవద్దు.

రాతిగువ్వ
నేను ల్యాబ్‌లో పనిచేస్తాను. బయోటిన్ గురించి ఒక ముఖ్యమైన మాట. పెద్దలకు రోజుకు సరిపోయే బయోటిన్ 30 మైక్రోగ్రాములు. జుట్టుకు, గోళ్లకు అని అమ్మే బిళ్లల్లో తరచూ 5,000 నుంచి 10,000 మైక్రోగ్రాముల దాకా ఉంటుంది. మా దగ్గర చాలా హార్మోన్ పరీక్షలు బయోటిన్‌తో జరిగే రసాయన చర్య మీదే ఆధారపడి నడుస్తాయి. రక్తంలో అది ఎక్కువగా ఉంటే రిపోర్టు తప్పుతుంది. థైరాయిడ్ బాగున్న మనిషికి థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తున్నట్టు వస్తుంది. గుండెపోటు నిర్ధారణకు చేసే ట్రోపోనిన్ ఉన్నదానికంటే తక్కువ చూపించవచ్చు. ఇది నిజంగా ప్రమాదం. 2017లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీని మీదే హెచ్చరిక ఇచ్చింది. కాబట్టి వాడుతున్నవాళ్లు రక్తం ఇచ్చేముందు ఆ మాట తప్పకుండా చెప్పండి. ఎన్ని రోజుల ముందు ఆపాలో డోసును బట్టి డాక్టరు చెబుతారు.

జుట్టు రాలడానికి కారణం వెతకడం కోసం థైరాయిడ్ పరీక్షకు వస్తారు, వచ్చేముందు నుంచే బయోటిన్ మింగుతూ ఉంటారు. వెతుకుతున్న సమాధానాన్నే అది పాడుచేస్తుంది.

తెలిమంచు
రాతిగువ్వ గారు చెప్పింది అక్షరాలా నిజం. బయోటిన్ లోపం అరుదు. లోపం లేనివాళ్లకు దానివల్ల జుట్టు పెరుగుతుందనడానికి గట్టి ఆధారం లేదు. మల్టీవిటమిన్ల విషయంలోనూ జాగ్రత్త: విటమిన్ ఎ, సెలీనియం ఎక్కువైతే వాటివల్లే జుట్టు రాలుతుంది.

పడవమనిషి
నాది వేరే కథ. కుచ్చులుగా ఏమీ రాలడం లేదు. కానీ నడినెత్తిన చర్మం కనిపిస్తోంది, నుదుటి రెండు మూలలూ వెనక్కి పోతున్నాయి. నాన్నకు కూడా ఇలాగే మొదలైంది. ఇది కూడా విశ్రాంతి దశేనా?

తెలిమంచు
కాదండి. ఇక్కడ వెంట్రుక రాలడం కంటే సన్నబడడం ముఖ్యం. నడినెత్తి నుంచి ఒక వెంట్రుక, మెడ వెనక నుంచి ఒక వెంట్రుక తీసి తెల్లకాగితం మీద పక్కపక్కన పెట్టి చూడండి. నెత్తిమీదిది సన్నగా, పొట్టిగా ఉంటే అది వంశపారంపర్యపు బట్టతల. టెస్టోస్టిరాన్ నుంచి తయారయ్యే డీహెచ్‌టీ అనే హార్మోన్ ప్రభావంతో, దానికి లోబడే గుణం ఉన్న కుదుళ్లు ఒక్కో చక్రానికీ కుంచించుకుపోతాయి. వెనక భాగంలో కుదుళ్లకు ఆ గుణం చాలా తక్కువ. హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్‌కు అక్కడి నుంచే తీయడానికి కారణం అదే. ఆడవాళ్లలో ముందువరస చాలావరకు నిలిచి, పాపిట వెడల్పవుతుంది.

దీనికి వాడే మందుల్లో మినాక్సిడిల్ మొదట బీపీ మాత్ర. వాడినవాళ్లకు ఒంటిమీద జుట్టు పెరగడం చూసి తలకు రాసే మందుగా తెచ్చారు, 1988లో అమెరికాలో అనుమతి వచ్చింది. మొదలుపెట్టిన తొలి వారాల్లో రాలడం పెరుగుతుంది. విశ్రాంతిలో ఉన్న పాతవాటిని కొత్తవి తోసేయడం వల్ల జరిగేది అది. చాలామంది సరిగ్గా అక్కడే భయపడి మానేస్తారు. ఫలితం తేల్చుకోవడానికి కనీసం నాలుగు నుంచి ఆరు నెలలు వాడాలి, ఆపేస్తే వచ్చిన లాభం కొన్ని నెలల్లో పోతుంది. ఈ రెండు సంగతులూ తెలిసి మొదలుపెట్టండి. ఇంకో మందు ఫినాస్టెరైడ్ మాత్ర, 1 మిల్లీగ్రాము, మగవాళ్లకు 1997 నుంచి ఉంది. లైంగిక సమస్యలు, మనసు కుంగడం కొందరిలో కనిపిస్తాయి కాబట్టి డాక్టరుతో మాట్లాడకుండా వద్దు. గర్భిణులు విరిగిన ఫినాస్టెరైడ్ మాత్రను చేత్తో ముట్టుకోకూడదు.

రాతిగువ్వ
దానికి ఇంకొకటి కలుపుతాను. ఫినాస్టెరైడ్ వాడేవాళ్లలో పీఎస్‌ఏ (ప్రోస్టేట్ కోసం చేసే రక్తపరీక్ష) విలువ దాదాపు సగానికి పడిపోతుంది. ప్రోస్టేట్ పరీక్షకు వెళ్లినప్పుడు ఆ మాత్ర సంగతి దాచవద్దు.

పసిడిరేకు
మా ఏడేళ్ల బాబుకు తలలో రూపాయి బిళ్లంత మేర జుట్టు పోయింది. ఒకరు పేనుకొరుకుడు అన్నారు, ఇంకొకరు తామర అన్నారు. ఇంట్లో ఉన్న క్రీమ్ రాస్తున్నాం. ఎలా తెలుస్తుంది?

తెలిమంచు
ముందు ఆ క్రీమ్ ఆపండి. ఏ మందు ఉందో తెలియని క్రీములు, ముఖ్యంగా స్టెరాయిడ్ కలిసినవి, తామర రూపాన్నే మార్చేస్తాయి. తర్వాత వెలుతురులో కూర్చోబెట్టి భూతద్దంతో చూడండి. ఆ చోట చర్మం నున్నగా, మామూలు రంగులో ఉందా? లేక పొట్టు రేగి, దురదగా ఉందా? వెంట్రుకలు చర్మం దగ్గరే తెగి నల్లచుక్కల్లా ఉన్నాయా? మెడ వెనక బిళ్లలు కట్టాయా?

పసిడిరేకు
పొట్టు ఉంది, బాగా గోక్కుంటున్నాడు. నల్లచుక్కలు కూడా ఉన్నాయి. మెడ వెనక ఒక చిన్న బిళ్ల తగిలింది.

తెలిమంచు
అయితే తామర కావడానికే ఎక్కువ అవకాశం. పిల్లల తలకు వచ్చే ఫంగస్ ఇది. ఫంగస్ వెంట్రుక లోపలికి, కుదురులోకి దిగి ఉంటుంది, పైన రాసిన క్రీమ్ అక్కడిదాకా పోదు. నోటి ద్వారా మందు తప్పదు: గ్రిసియోఫల్విన్ గానీ టెర్బినాఫిన్ గానీ, బరువును బట్టి, వారాల తరబడి. మందు మొదలయ్యేముందే పొట్టును, తెగిన వెంట్రుకలను పరీక్షకు పంపమని అడగండి. దువ్వెనలు, టోపీలు, తువ్వాళ్లు వేరు చేయండి. ఇంట్లో మిగతా పిల్లల తలలు కూడా చూడండి. ఒకవేళ ఆ చోట మెత్తగా ఉబ్బి చీము కారితే దాన్ని కోయించకండి, అది కూడా ఫంగస్ మీద ఒంటి ప్రతిచర్యే. అప్పుడు మాత్రం రోజులు గడపకుండా వెంటనే చూపించాలి, లేకపోతే అక్కడ మచ్చపడి జుట్టు శాశ్వతంగా పోయే ప్రమాదం ఉంది.

పేనుకొరుకుడు అయితే చర్మం నున్నగా ఉంటుంది, పొట్టు ఉండదు. అంచున కొన్ని పొట్టి వెంట్రుకలు కొసన లావుగా, చర్మం దగ్గర సన్నగా కనిపిస్తాయి. రక్షణ కణాలు పొరపడి కుదుళ్ల మీదే దాడిచేయడం వల్ల వస్తుంది. ఒకరి నుంచి ఒకరికి అంటదు. చిన్న మచ్చలు చాలామందిలో ఏడాది లోపు తమంతట తామే నిండుతాయి. దాని మీద ఘాటైనవేవీ రుద్దకండి. చర్మం కాలి పుండు పడ్డ పిల్లలను మేము చూస్తూనే ఉంటాం, చాలా బాధేస్తుంది. తలంతా పోయే తీవ్రమైన రకానికి ఇప్పుడు దారి ఉంది. పెద్దలకు బారిసిటినిబ్ 2022లో, 12 ఏళ్లు దాటినవారికి రిట్లెసిటినిబ్ 2023లో అమెరికాలో అనుమతి పొందాయి. వీటికి రక్తపరీక్షలు, ఇన్ఫెక్షన్ల మీద నిఘా అవసరం.

చుక్కలేడి
గోళ్ల మీద తెల్లమచ్చలు కాల్షియం తక్కువైతే వస్తాయి కదా? మా అమ్మాయికి నిండా ఉన్నాయి.

రాతిగువ్వ
కాదండి. గోరు కెరటిన్ అనే ప్రోటీన్‌తో తయారవుతుంది, కాల్షియం అందులో ఉండేది చాలా కొద్దిగా. చుక్కల్లాంటి తెల్లమచ్చలు ఎక్కువగా గోరు మొదట్లో తగిలిన చిన్నచిన్న దెబ్బల గుర్తులు, గోరు పెరిగేకొద్దీ ముందుకు జరిగి పోతాయి. గోళ్లు కొరకడం, క్యూటికల్ (గోరు మొదట్లో అంటుకుని ఉండే సన్నటి చర్మం) వెనక్కి నొక్కడం ఉన్నాయేమో చూడండి.

తెలిమంచు
చుక్కలకైతే అంతే. గోళ్లు చాలావరకు తెల్లబడి కొసన మాత్రమే సన్నటి ఎర్రపట్టీ మిగిలితే, లేదా మొదటి సగం తెల్లగా, చివరి సగం గోధుమ రంగులో ఉంటే, కాలేయం, కిడ్నీలు చూపించుకోవాలి. గోరు మధ్యలో గుంటపడి, నీటిచుక్క వేస్తే జారకుండా నిలిచేలా ఉంటే ఇనుము పరీక్ష. పసిపిల్లల కాలిగోళ్లు అలా ఉండడం మామూలే.

అడవిదారి
నా సమస్య కాలి బొటనవేలి గోరు. పసుపుపచ్చగా మందంగా అయిపోయింది, కింద పిండిలాంటిది వస్తోంది. చూడగానే ఫంగస్ అని టెర్బినాఫిన్ రాసిచ్చారు. మూడు నెలల కోర్సు పూర్తయింది. గోరు ఇంకా వికారంగానే ఉంది. మళ్లీ కోర్సు వేసుకోవాలా?

వాననీడ
వేసుకోండి. ఫంగస్ మొండిది, ఒక కోర్సుకు పోదు.

రాతిగువ్వ
వాననీడ గారూ, ఆ సలహా వద్దండి. మందమైన గోళ్లన్నీ ఫంగస్ కావు. పాడైన గోళ్లలో ఫంగస్ ఉండేది సుమారు సగంలోనే. మిగతావి సోరియాసిస్, బూట్ల ఒత్తిడి, పాత దెబ్బ, వయసు. అడవిదారి గారూ, మందు మొదలుపెట్టే ముందు ఏదైనా శాంపిల్ తీశారా?

అడవిదారి
లేదు. చూసి రాసిచ్చారంతే.

రాతిగువ్వ
అయితే ముందు శాంపిల్. అది ఎలా తీస్తారన్నదాని మీదే ఫలితమంతా ఉంటుంది కాబట్టి వివరంగా రాస్తాను.

గోరు కొస కత్తిరించి ఇస్తే లాభం తక్కువ, అక్కడ చచ్చిన ఫంగస్, దుమ్ము, ఇతర క్రిములే ఎక్కువ. స్పిరిట్‌తో తుడిచి, లేచిపోయిన గోటిని వెనక్కి కత్తిరించుకుంటూ పోయి, పాడైన భాగం మంచి గోటిని కలిసే చోట కింద ఉన్న పిండిని గీరి తీయాలి. బతికున్న ఫంగస్ అక్కడ ఉంటుంది. కొద్దిగా కాదు, ధారాళంగా కావాలి. అందులో కొంత పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో వేస్తాం. అది గోటి పొలుసులను కరిగించేస్తుంది, ఫంగస్ దారాలు మాత్రం కరగకుండా మైక్రోస్కోప్ కింద కొమ్మలు వేసుకుంటూ కనిపిస్తాయి. ఇంకొంత కల్చర్‌కు, అంటే ల్యాబ్‌లో ఫంగస్‌ను పెంచి చూడడానికి. అది నాలుగు వారాల దాకా పట్టొచ్చు. ఉన్నా రాకపోవడం కల్చర్‌లో తరచూ జరుగుతుంది, అందుకని గోటి ముక్కను పాథాలజీకి పంపి, ఫంగస్‌ను బయటపెట్టే పీఏఎస్ అనే రంగు వేయించి చూడడం ఇంకా నమ్మకం. ఫంగస్ మందు వాడుతూ శాంపిల్ ఇస్తే ఉన్న ఫంగస్ కూడా కనిపించకపోవచ్చు. ఎంతకాలం ఆపి రావాలో ముందే అడగండి.

తెలిమంచు
ఇంకో కోణం కూడా ఉంది. టెర్బినాఫిన్ 250 మిల్లీగ్రాములు చేతిగోళ్లకు ఆరు వారాలు, కాలిగోళ్లకు పన్నెండు వారాలు. మందు ఫంగస్‌ను చంపుతుందే తప్ప, పాడైన గోటిని బాగుచేయదు. పాతది పూర్తిగా పెరిగి పోవాలి. కాలి బొటనవేలి గోరు మొత్తం మారడానికి 12 నుంచి 18 నెలలు పడుతుంది. కాబట్టి మూడు నెలలకు గోరు కొస చూసి మందు పనిచేయలేదని అనలేం. చూడాల్సింది మొదలు. మడత దగ్గర నుంచి శుభ్రమైన కొత్త గోరు ఎంతో కొంత వస్తోందా? వస్తుంటే ఓపిక పట్టండి. మంచి గోటికి, చెడ్డ గోటికి మధ్య సరిహద్దులో బ్లేడుతో సన్నటి గీత గీయించి ఫొటో తీసుకోండి. రెండు నెలల తర్వాత చెడ్డ భాగం ఆ గీతకు ముందే ఆగి ఉంటే బాగవుతున్నట్టు, గీత దాటి వెనక్కి పాకితే కానట్టు. పరీక్ష లేకుండా రెండో కోర్సు మాత్రం వద్దు, కాలేయాన్ని అనవసరంగా రిస్కులో పెట్టినట్టవుతుంది.

తీగమల్లె
పై మాటలు చదివి రాయాలనిపించింది. నాకు చేతిగోళ్లు లేచిపోయేవి. ఫంగస్ అనుకుని ఏళ్ల తరబడి మందులు రాశాను. కడకు ఒక చర్మవైద్యురాలు గోళ్లను పక్క వెలుగులో తిప్పి చూశారు. అంగుస్తాను మీద ఉన్నట్టు చిన్నచిన్న గుంటలు. గోరు కింద నూనెచుక్క పడినట్టు ఎర్రటి మచ్చలు. తర్వాత నా చెవుల వెనక, మోచేతులు, బొడ్డు చూశారు. బొడ్డులో పొట్టు దొరికింది, అక్కడ ఉందని నాకే తెలియదు. సోరియాసిస్ అని తేలింది. ఆవిడ తర్వాత అడిగిన ప్రశ్న: "పొద్దున లేవగానే వేళ్లు బిగుసుకుపోతాయా?" బిగుసుకుపోయేవి. అది పనివల్ల అనుకున్నాను.

తెలిమంచు
ఎంత మంచి డాక్టరు! గోళ్లలో సోరియాసిస్ ఉన్నవాళ్లకు కీళ్ల జబ్బు వచ్చే అవకాశం ఎక్కువ. పొద్దున అరగంటకు మించి బిగుసుకుపోవడం, ఒక వేలు మొత్తం ఉబ్బడం ఉంటే కీళ్ల డాక్టరును కలవాలి, ఆలస్యమైతే కీలు అరిగిపోతుంది. ఇంకొక మాట, లేచిపోయిన గోళ్ల కింద పుల్లలతో, పిన్నీసులతో శుభ్రం చేయకండి. దెబ్బ తగిలిన చోట సోరియాసిస్ రేగుతుంది, గోరు ఇంకా లేస్తుంది.

గడియారం
నేను రోజూ పరిగెత్తుతాను. కాలి బొటనవేలి గోరు కింద నల్లగా మచ్చ ఉంది. అది కాక చేతి బొటనవేలి గోటి మీద నిలువుగా ఒక గోధుమరంగు గీత కూడా ఉంది, ఎప్పటి నుంచో తెలియదు. గోటికి కూడా క్యాన్సర్ వస్తుందని చదివి కంగారుగా ఉంది.

తెలిమంచు
రెండూ వేరువేరుగా చూద్దాం. కాలిది బూటుకు తగిలి చేరిన రక్తం కావచ్చు. రక్తమైతే గోటితోపాటు ముందుకు జరుగుతుంది, వెనక మామూలు గోరు వస్తుంది. ఫొటో తీసి, రెండు మూడు వారాల తర్వాత మళ్లీ తీసి పోల్చండి. జరగకపోతే చూపించాలి.

నిలువు గీత విషయంలో ఎక్కువ శ్రద్ధ కావాలి. చామనఛాయ, నలుపు ఉన్నవాళ్లలో చాలా గోళ్ల మీద ఇలాంటి గీతలు ఉండడం మామూలే. అనుమానించాల్సింది ఇలాంటప్పుడు: పెద్దవాళ్లలో ఒక్క గోటికే కొత్తగా రావడం, ముఖ్యంగా బొటనవేలికి. మూడు మిల్లీమీటర్లు దాటి వెడల్పుగా ఉండడం, కాలంతో పెరగడం. రంగు ఒకే తీరుగా లేకపోవడం. మొదట్లో వెడల్పుగా, కొసకు సన్నగా ఉండడం, అంటే కొస తయారైనప్పటి కంటే ఇప్పుడు వెడల్పు పెరిగిందన్నమాట. అన్నిటికంటే ముఖ్యం, నల్లరంగు గోరు దాటి చుట్టూ ఉన్న చర్మంలోకి పాకడం. మీది బొటనవేలికి ఒక్కదానికే ఉంది కాబట్టి నేను ఇంటర్నెట్‌లో ధైర్యం చెప్పను. ఈ నెలలోనే డెర్మటోస్కోప్ (చర్మాన్ని, గోటిని పెద్దది చేసి చూపే పరికరం) ఉన్న చర్మవైద్యులకు చూపించండి. ఎక్కువమందికి ఏమీ ఉండదు. ఉన్నవాళ్లకు మాత్రం ముందుగా తెలియడమే ప్రాణం నిలబెడుతుంది.

గడియారం
అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. థాంక్స్ అండి. గీత సుమారు రెండు మిల్లీమీటర్లు, మొదట్లోనూ కొసనా ఒకటే వెడల్పు. చర్మం మీద రంగు లేదు.

తెలిమంచు
అవి మంచి లక్షణాలే. అయినా వెళ్లండి. గోళ్ల రంగు, పాలిష్ అన్నీ తీసేసి, ఇరవై గోళ్లూ చూపించండి.

సెలయేటిగట్టు
నేను బ్యూటీ పార్లర్‌లో పనిచేస్తాను. రోజంతా తడి. గోళ్ల చుట్టూ చర్మం ఉబ్బి ఎర్రగా ఉంటోంది, తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తోంది. గోరుచుట్టు అనుకుని యాంటీబయాటిక్ రెండుసార్లు వాడాను. ఒక వేలికి గోరు కింద ఆకుపచ్చగా కూడా అయింది.

తెలిమంచు
హఠాత్తుగా వచ్చి, సలుపుతూ, చీము పట్టే గోరుచుట్టు బాక్టీరియా పని, దానికి చీము తీయడం, అవసరమైతే యాంటీబయాటిక్. మీది ఆరు వారాలు దాటిన దీర్ఘకాలపు రకంలా ఉంది. దానికి అసలు కారణం తడి, సబ్బు, రసాయనాల రాపిడి. గోటికీ చర్మానికీ మధ్య సీలు వేసినట్టుండే క్యూటికల్ ఊడిపోయి, నీళ్లు లోపలికి దిగుతుంటాయి. ఫంగస్ మందుల కంటే, డాక్టరు చెప్పిన స్టెరాయిడ్ పూత కొద్ది వారాలు, దాంతోపాటు తడి తగ్గించడం బాగా పనిచేస్తాయి. రబ్బరు గ్లోవ్స్ లోపల నూలు గ్లోవ్స్ వేసుకోండి, చెమటకు నూలువి మారుస్తూ ఉండండి. క్యూటికల్ తిరిగి అతుక్కోవడానికి నెలలు పడుతుంది, అంతవరకు దాన్ని నొక్కడం, కత్తిరించడం వద్దు. మీ దగ్గరికి వచ్చేవాళ్లకు కూడా కత్తిరించకుండా ఉంటే మేలు. ఆకుపచ్చ రంగు సూడోమోనాస్ అనే బాక్టీరియాది, లేచిన గోటి కింద తడిలో పెరుగుతుంది. లేచినంత మేర కత్తిరించి ఆరనిస్తే చాలావరకు లొంగుతుంది.

నీలిమేఘం
నా రిపోర్టులు వచ్చాయి. థైరాయిడ్ బాగుంది. హిమోగ్లోబిన్ పర్వాలేదు, ఫెరిటిన్ మాత్రం తక్కువట. ఇనుము మాత్రలు రాసిచ్చారు, తక్కువ కావడానికి కారణం కూడా వెతకాలన్నారు. బయోటిన్ కొనలేదు. మా పెద్దమ్మకు కూడా జుట్టు పోతోంది, కానీ అది వేరేలా ఉంది. ముందు వరస పట్టీలా వెనక్కి పోతోంది, కనుబొమ్మలు కూడా పలచబడ్డాయి. కొంచెం దురద, మంట అంటోంది. వయసు కదా అని వదిలేసింది.

తెలిమంచు
ఫెరిటిన్ విషయంలో మీ డాక్టరు సరిగ్గా చెప్పారు. మీ పెద్దమ్మగారిని మాత్రం ఆలస్యం చేయకుండా తీసుకెళ్లండి. ఈ చర్చలో అన్నిటికంటే తొందరగా చూపించాల్సినవాళ్లలో ఆవిడ ఒకరు. ఇప్పటిదాకా మనం మాట్లాడిన వాటిలో ఎక్కువ భాగం కుదురు బతికుండే రకాలు. కుదురు నశించి మచ్చపడే రకాలు కొన్ని ఉన్నాయి. ముందు వరస, కనుబొమ్మలు కలిసి పోయేది ఒకటి, ఫ్రాంటల్ ఫైబ్రోసింగ్ అలోపీషియా అంటారు. 1994లో కొస్సార్డ్ అనే వైద్యుడు వర్ణించారు, ఎక్కువగా నెలసరి ఆగిన ఆడవాళ్లలో వస్తుంది. పోయిన జుట్టు తిరిగి రాదు. వైద్యం చేసేది మిగిలింది నిలబెట్టడానికే, అందుకే రోజులు లెక్కలోకి వస్తాయి.

పోయిన చోట వెలుతురులో దగ్గరగా చూడండి. మామూలు తలలో వెంట్రుక లేకపోయినా, అది వచ్చే సూదిమొన లాంటి రంధ్రాలు కనిపిస్తాయి. రంధ్రాలే లేకుండా చర్మం మెరుస్తూ ఉంటే, అంచున ఉన్న వెంట్రుకల మొదట్లో ఎర్రదనం, పొట్టు ఉంటే, మచ్చపడే రకమే అనుకోవాలి.

తీగమల్లె
బయాప్సీ చేస్తారా? తలలో అంటే పెద్దావిడ భయపడతారేమో.

తెలిమంచు
తరచూ చేస్తారు. నాలుగు మిల్లీమీటర్ల గుండ్రటి ముక్క, ఇంజెక్షన్‌తో తిమ్మిరెక్కించి తీస్తారు. ఒకటి రెండు కుట్లు పడతాయి, అదే రోజు ఇంటికి పంపేస్తారు. ముక్క బోడిగా మెరిసే మధ్య భాగం నుంచి తీస్తే ఉపయోగం లేదు, అక్కడ జబ్బు పని ముగించుకుని మచ్చ మాత్రమే మిగిలి ఉంటుంది. వెంట్రుకలు ఇంకా నిలిచి, వాటి చుట్టూ ఎర్రగా ఉన్న అంచు నుంచి తీయాలి. నీలిమేఘం గారూ, రక్తం పలచబరిచే మందులు వాడుతున్నారేమో ముందే చెప్పమనండి. పాత ఫొటోలు రెండు మూడు పట్టుకెళ్లండి, నుదురు బాగా కనిపించేవి. జుట్టు వరస అప్పట్లో ఎక్కడ ఉండేదో వాటిలో కొలుచుకోవచ్చు.